మొక్కు మేక గిట్టలు

"లంగడో బకరో తమారో ఛే?" అని అడిగాడు వాకిట్లో నిలబడ్డ మనిషి. కుంటి మేక మీదేనా అని. ముఖానికి మాస్కు, దాని మీద ప్లాస్టిక్ అద్దం, భుజానికి ఒక సంచి. పక్కనే ఒక అమ్మాయి, ఆమెకూ మాస్కు. రెండో విడత కరోనా రోజులవి. ముఖాలు కప్పుకున్న ఇద్దరు మనుషులు ఏ వాకిట్లో నిలబడ్డా, సూరత్‌లోని మా కోసాడ్ కాలనీలో పై అంతస్తుల కిటికీలన్నీ తెరుచుకునేవి. ఆ పొద్దు కూడా తెరుచుకున్నాయి. వాళ్ళందరూ చూస్తుండగా, ఒడిలో ఎవరిదో చీర, చేతిలో దారాలు కత్తిరించే కత్తెర పెట్టుకుని, "అవును, మాదే" అన్నాను.

వాళ్ళు జీవదయ వాళ్ళు. పశువుకు దెబ్బ తగిలినా, ఎవరైనా హింసిస్తున్నారని అనుమానం వచ్చినా ఫోన్ చేస్తే వస్తారు. గాలిపటాల పండక్కి మాంజా కోసుకుని పడిపోయిన పావురాల కోసం వాళ్ళు సందుల్లో తిరగడం నేను చిన్నప్పటి నుంచీ చూశాను. మా ఇంటికి వస్తారని మాత్రం ఏనాడూ అనుకోలేదు. హింసించేవాళ్ళు వేరే ఎక్కడో ఉంటారనే కదా ఎవరైనా అనుకునేది.

మేకను మెట్ల కింద కట్టేసి ఉంచారని, అది నిలబడలేకపోతోందని, ఇంటివాళ్ళు పట్టించుకోవడం లేదని ఎవరో చెప్పారట. ఆ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. అయితే సిగ్గుకన్నా ముందు కోపం వచ్చింది. నాకు ఎప్పుడూ వచ్చే వరస అదే. ఫోన్ చేసిందెవరో నాకు తెలుసు అనుకున్నాను. ఎదురింటి తలుపు వైపు కొరకొరా చూశాను. అది మూసే ఉంది.

లోపల నుంచి అత్తమ్మ, "ఎవల్లు బిడ్డా?" అని కేకేసింది.

"మేకను చూడవచ్చిండ్రు అత్తమ్మా."

"మేకనెందుకు చూసుడు? కొంటరా ఏంది? అమ్మేది కాదని చెప్పు" అంటూ మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చింది.

అది నిజంగానే అమ్మేది కాదు. పోచమ్మది.

ఆ సంగతి చెప్పాలంటే ఒక ఏడాది వెనక్కి పోవాలి. మా ఆయనది కరీంనగర్ అవతల ఒక పల్లె. పెళ్ళికి ముందే అమ్రోలిలో మరమగ్గాల షెడ్డుకు వచ్చి కుదిరాడు. నేను మాత్రం సూరత్‌లోనే పుట్టినదాన్ని. మున్సిపాలిటీ తెలుగు బడిలో పదోదాకా చదివాను. మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోయినప్పుడు మావాళ్ళు చాలామంది దొరికిన బండెక్కి ఊర్లకు పోయారు. ఇవాళో రేపో మగ్గాలు తిరుగుతాయని మేము ఆగిపోయాం. తిరిగాయి కూడా. తిరిగిన కొన్నాళ్ళకే ఆయనకు జ్వరం తగిలింది. జ్వరం తర్వాత ఆయాసం. ఆస్పత్రి గేటు దగ్గర ఆయన్ని అప్పజెప్పి, వట్టి చేతులతో వెనక్కి వచ్చాం. లోపలికి ఎవరినీ రానివ్వలేదు.

కాలువ పక్కన వేపచెట్టు కింద మా తెలుగువాళ్ళు నిలబెట్టుకున్న పోచమ్మ ఉంది. ఒక రాయి, దానికి పసుపు, పైన నాలుగు రేకులు. అత్తమ్మ అక్కడికి పోయి నేల మీద తల ఆనించి మొక్కింది. "నా కొడుకును ఇంటికి తోలు తల్లీ. నీకు మేకపోతును నా చేతుల మీద పెంచుత. బోనమెత్తి, డప్పు పెట్టి, పదిమందికి పెట్టి నీకిచ్చుకుంట." నేను వెనకే నిలబడ్డాను. నేనేం మొక్కలేదు, కానీ ఆమె మొక్కుతుంటే నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

ఆయన ఇంటికి వచ్చాడు. సగం మనిషై వచ్చాడు, అయినా వచ్చాడు. ఆ వారంలోనే అమ్రోలి వైపు మందలు తోలుకొచ్చే భర్వాడుల దగ్గర అత్తమ్మ ఒక నల్ల మేకపిల్లను తెచ్చింది. నుదుటి మీద చిన్న తెల్ల మచ్చ. మెడకు పసుపు గుడ్డ కట్టి, చిన్న గంట కట్టి, మెట్ల కింద గోనె పరిచి అక్కడ కట్టేసింది. మాది కింది వాటా, మెట్ల కింది జాగా మా తలుపు పక్కనే. ఆషాఢంలో బోనాలు చేస్తారు కదా, అప్పుడు ఇచ్చేస్తే సరిపోతుందనుకున్నాం. ఆ ఆషాఢంలో పదిమంది ఒకచోట చేరడానికి వీల్లేదన్నారు. డప్పు లేదు, బోనం లేదు, పెట్టడానికి మనుషులు లేరు. మొక్కు ఎలా మొక్కిందో అలాగే తీర్చాలి కదా. మేక మాతోనే ఉండిపోయింది.

మొక్కు మేక మీద ఇచ్చే రోజుదాకా ఇనుము పడకూడదు. ఇది అత్తమ్మ ఊరి పద్ధతి. బొచ్చు కత్తిరించరు, చెవి కొయ్యరు, కొమ్ము గీకరు. పోచమ్మకు ఇచ్చే కత్తి తప్ప ఇంకో కత్తి దాన్ని తాకితే మొక్కు పాడైనట్టే. మొక్కు పాడైతే ఎవరి పేరున మొక్కామో వాళ్ళకు చేటు. నేను కూలికి చీరల దారాలు కత్తిరించే కత్తెరను కూడా అత్తమ్మ మేక వైపు పెట్టనిచ్చేది కాదు. "గా కత్తెర జర ఇవతల పెట్టు పిల్లా" అని రోజుకోసారి చెవిలో జోరీగలా అనేది.

ఎదురింట్లో ఉండేది ఒక సౌరాష్ట్ర ఆవిడ. అందరూ మాసి, అంటే పిన్ని, అనేవాళ్ళు, నేనూ అలాగే అనేదాన్ని. ప్రతి పొద్దు పెనం మీద మొదటి రొట్టె ఆవుకని తీసిపెట్టే మనిషి. లాక్‌డౌన్‌లో ఆవులు మా గల్లీకి రావడం మానేశాక ఆ రొట్టె మా మేకకు రావడం మొదలైంది. మాసి వాళ్ళింట్లో కోడిగుడ్డు కూడా రాదు. మేము ఎండు చేపలు వేయించుకున్న రోజు నేను కిటికీలు మూసి, అగరొత్తి వెలిగించి, ఆపైన ఏమీ ఎరగనట్టు వాకిట్లో కూర్చునేదాన్ని. అలాంటి మాసి ఒకరోజు మేకను గోకుతూ, "దీన్ని ఎందుకు పెంచుకుంటున్నారు బేన్?" అని అడిగింది.

"పాలకు" అన్నాను.

మాసి వంగి మేక కడుపు కిందికి చూసింది. తర్వాత నా ముఖంలోకి చూసింది. మేకపోతు పాలెలా ఇస్తుందో ఆమె అడగలేదు. రొట్టె ముక్క దాని నోటికి పెట్టి లోపలికి పోయింది. నేను నాలుక కరుచుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం, మావాళ్ళ పద్ధతిని నోరు తెరిచి చెప్పుకోలేకపోయినందుకు నామోషీగా అనిపించింది. ఆ నామోషీ ఎవరి ముందో నాకే తెలియలేదు. మాసి ముందా, పోచమ్మ ముందా.

మేక పెరిగింది. బయట తిప్పడానికి లేదు. గల్లీ చివర కర్రలు కట్టి పోలీసులు కూర్చున్న రోజులవి. తర్వాత కర్రలు తీసేసినా, మేకను తోలుకుపోతే దారిలో నాలుగు ప్రశ్నలు, "కట్ చేస్తారా?" అని పిల్లల వెటకారం. అందుకని మెట్ల కింద సిమెంటు నేల మీదే దాని తిండీ, నిద్రా. అత్తమ్మ దానికి తక్కువ చేసిందని మాత్రం ఎవరూ అనలేరు. మాకు కూరగాయలు లేని రోజున కూడా దానికి మార్కెట్ నుంచి ఏరుకొచ్చిన ఆకు ఉండేది. శుక్రవారం పసుపు నీళ్ళతో ఒళ్ళు తుడిచేది. కొడుకా అని పిలిచేది.

ఆ చలికాలం మా ఆయన కొంచెం కొంచెంగా లేవడం మొదలుపెట్టాడు. ముందు మంచం నుంచి గుమ్మందాకా, తర్వాత గుమ్మం నుంచి గల్లీ మూల మీది చాయ్ బండిదాకా. సరిగ్గా ఆ రోజుల్లోనే మేక ముందుకాలు ఎత్తి ఎత్తి వేయడం మొదలుపెట్టింది. మొదట చూసింది నేనే.

అత్తమ్మకు చెప్పాను. ఆమె వచ్చి, కింద కూర్చుని, దాని కాలు ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మేకకు నొప్పిగా ఉందని బాధపడుతోందనుకున్నాను.

"తల్లి ఇన్నది బిడ్డా. వాని మీదికి వచ్చినదంత గిది మీదేసుకున్నది. వాని నొప్పంత దీని కాళ్ళల్లకు దిగింది. చూడు, వాడు నడుస్తుండు, గిది కుంటుతున్నది."

నేను పదో తరగతి చదివినదాన్ని. ఫోన్‌లో వార్తలు చదివి గల్లీలో నలుగురికీ చెప్పేదాన్ని. ఆవిరి పట్టడం వల్ల కరోనా పోదని మావాళ్ళతో వాదనకు దిగినదాన్ని. అలాంటిదాన్ని ఆ మాట విని ఒంటికాలి మీద లేవాల్సింది. లేవలేదు. గుండె మీంచి బరువు దిగిపోయినట్టయింది. ఎక్కడికి పోయిందో తెలియని జబ్బు మళ్ళీ ఎప్పుడు తిరిగొస్తుందో అని భయపడి చచ్చేదాన్ని. ఇప్పుడు అది ఎక్కడుందో నాకు తెలుసు. మెట్ల కింద, తాడుతో కట్టేసి ఉంది.

నమ్మాను అంటే తక్కువ చెప్పినట్టు. సంతోషించాను. పొద్దున్నే ఆకు తీసుకుపోయినప్పుడు ముందు దాని కాళ్ళు చూసేదాన్ని. అది బాగా కుంటిన రోజు ఇంట్లోకి తేలిగ్గా వచ్చేదాన్ని, ఆయనకు ఇంకో గరిటె ఎక్కువ పెట్టేదాన్ని. అది కాస్త బాగా నిలబడ్డ రోజున ఆయన గొంతు సవరించుకున్నా నా మనసు కీడు శంకించేది. నేనూ అత్తమ్మా దీని గురించి మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆకు వేసి వచ్చిన ప్రతిసారీ ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం, అంతే.

ఎండలు ముదిరేసరికి రెండో విడత వచ్చి పడింది. అంబులెన్సుల మోత ఆగేది కాదు. మా పై అంతస్తులో ఒక ఒడియా కార్మికుడు, మా ఆయనతో పాటు మగ్గాల మీద పనిచేసినవాడు, వారం తిరక్కుండా పోయాడు. మా ఇంట్లో మాత్రం ఎవరికీ తుమ్ము కూడా రాలేదు. ఆ రోజుల్లోనే మేక ముందుకాళ్ళు మడిచి, మోకాళ్ళ మీద నిలబడి ఆకు తినడం మొదలుపెట్టింది. గిట్టలు చెప్పు ముందుభాగం వంకర తిరిగినట్టు పైకి తిరిగాయి. మోకాళ్ళ దగ్గర బొచ్చు రాలి తోలు కనిపించేది.

"ఆనా నఖ వధీ గయా ఛే, బేన్" అంది మాసి. దీని గోళ్ళు పెరిగిపోయాయి, కత్తిరించాలి అని. తమ ఊళ్ళో అయితే వాళ్ళ నాన్న ఎప్పటికప్పుడు కత్తిరించేవాడని, దానికి నొప్పేమీ ఉండదు, మన గోళ్ళలాంటివే అని నెమ్మదిగా చెప్పింది.

"మా అత్త ఒప్పుకోదు మాసీ" అన్నాను. అది అబద్ధం కాదు. కానీ అత్తమ్మను నేను అడిగి చూసిందీ లేదు.

ఇంకోసారి మళ్ళీ అదే మాట ఎత్తింది. ఈసారి నా కాలు పట్టుకున్నంత పని చేసింది. "మూగజీవం. రోజూ నా గుమ్మంలోంచి చూడలేకపోతున్నాను. మీకు చేతకాకపోతే నేను మనిషిని పిలుస్తాను." ఇనుము, మొక్కు, ఆయన ప్రాణం, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. "మా మేక సంగతి మేం చూసుకుంటాం. మీ రొట్టెలు మీ ఆవులకు వేసుకోండి" అనేశాను. మాసి చిన్నబుచ్చుకుని లోపలికి పోయింది. మర్నాటి నుంచి రొట్టె రాలేదు. ఆమె అంతకుముందు మజ్జిగ పులుసు లాంటి కడి పోసి పంపిన స్టీలు గిన్నె మా ఇంట్లోనే ఉండిపోయింది. ఇవ్వడానికి కూడా నేను పోలేదు.

అందుకే జీవదయ వాళ్ళు వాకిట్లో నిలబడగానే నా చూపు ఎదురింటి తలుపు మీదికి పోయింది.

ఆ మనిషి మెట్ల కింద గొంతుక్కూర్చున్నాడు. మేక మెడ నిమిరి, కాలు ఎత్తి, పెరిగిన గిట్టను బొటనవేలితో కొంచెం పక్కకు నొక్కాడు. మేక అరిచింది. లోపలి నుంచి ఒక వాసన వచ్చింది. పెంట, మూత్రం, దాని కింద కుళ్ళిన మాంసం వాసన. మాస్కులోంచి కూడా ఆ అమ్మాయి ముఖం తిప్పుకుంది. అన్ని నెలలుగా దాని పక్కన కూర్చుని దారాలు కత్తిరించాను, ఆ వాసన నాకు ఎందుకు రాలేదో. వచ్చే ఉంటుంది.

"ఇది కట్ చేయాలి. ఇప్పుడే. మీరు వద్దంటే పాంజరాపోళ్‌కు తీసుకుపోతాం" అన్నాడు. పాంజరాపోళ్ అంటే పశువుల ఆశ్రమం. అక్కడికి పోయిన పశువు మళ్ళీ కొయ్యడానికి ఎవరి చేతికీ రాదు.

పాంజరాపోళ్ అనే మాట అత్తమ్మకూ తెలుసు. వచ్చి మేక మెడ చుట్టూ చేతులు వేసి నేల మీద చతికిలబడింది.

"ఏమంటుండ్రే? తీస్కపోతమంటుండ్రా? గిది తల్లిది. దీన్ని తీస్కపోతే నా కొడుకును తీస్కపోయినట్టే అని చెప్పు. ఆషాఢంల బోనమెత్తి కోసేదాక దీని మీద ఇనుము పడద్దని చెప్పు."

వాళ్ళిద్దరూ నా వైపు చూశారు, ఏమంటోందని. పైన కిటికీలన్నీ చూస్తున్నాయి.

"మేకంటే కొడుకుతో సమానమట. ఇనుము చూస్తే భయపడుతోంది" అన్నాను గుజరాతీలో.

అన్నీ ఆమె మాటలే. మధ్యలో పోచమ్మను, బోనాన్ని, కోతను తీసేశాను. అలా తీసేసి చెబుతుంటే, నా అత్తగారు నేల మీద కూర్చుని ఏడుస్తున్న ఒక పిచ్చి ముసలమ్మలా కనిపించింది వాళ్ళకు. ఆ అమ్మాయి జాలిగా, "అమ్మా, భయపడకండి, నొప్పి ఉండదు" అంది. ఆమె పిచ్చిది కాదు, మాట ఇచ్చిన మనిషి అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

"మీ అత్తగారికి నచ్చజెప్పండి" అన్నాడు ఆయన.

నేను నచ్చజెప్పలేదు. "వదిలేయండి, మేమే ఎవరినైనా పిలిచి చేయిస్తాం" అన్నాను. వాళ్ళు వెళ్ళిపోతే చాలు అనిపించింది. కిటికీలు మూసుకుంటే చాలు. మేక కాలు సంగతి అప్పుడు కూడా నా తలలో లేదు.

అప్పుడు వెనక నుంచి మా ఆయన గొంతు వినిపించింది. గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు, బనీను మీద.

"అవ్వా. కొయ్యనియ్యి."

"నువ్వు లోపటికి పో కొడుకా. నీకు తెల్వది."

"నాకు తెల్వకేం. మీ అత్తాకోడళ్ళు పొద్దుగాల లేస్తే దాని కాళ్ళ దిక్కు చూసి నా దిక్కు చూస్తరు. నాకు కనబడదా?" ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "అది నా నొప్పి మోస్తలేదవ్వా. నా నొప్పి నా తాననే ఉన్నది. మెట్టెక్కితే ఛాతీల గిట్ల పట్టేస్తది ఇప్పటికి. మీరు సంబురపడుతున్రని చెప్పలే."

అత్తమ్మ చేతులు మేక మెడ మీదే ఉన్నాయి.

"ఇగ నాతోని కాలే. నా పేరు మీద అది మోకాళ్ళ మీద నడుసుడు నేను చూడలేను. ఫోన్ చేసింది నేనే" అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "మాసినేమనకు. నంబరు ఆమెనడిగి తీసుకున్న, గంతే" అన్నాడు.

సిగ్గంటే ఏమిటో నాకు తెలుసనుకునేదాన్ని. చేపల వాసనకు, యాసకు, మాసిపోయిన చీరకు పడేది సిగ్గని. ఆ వాకిట్లో అవేవీ గుర్తు రాలేదు. ఆయన ఛాతీలో నొప్పి పెట్టుకుని నాకోసం నవ్వుతూ చాయ్ బండిదాకా నడిచాడు. మేక కాళ్ళు కుళ్ళబెట్టుకుని మాకోసం కుంటింది. ఆ రెండింటి మధ్యా నేను హాయిగా అన్నం వండుకున్నాను. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒడిలోని చీరలోనే దాచుకున్నాను.

జీవదయ మనిషికి తెలుగు రాదు. ఏమైందని అడిగాడు. మా ఆయనే చెప్పాడు, హిందీలో, "కట్ చేయండి" అని.

అత్తమ్మ మేక మెడకున్న పసుపు గుడ్డ విప్పింది. నాకర్థమైంది. ఆ గుడ్డ విప్పితే అది కాసేపు పోచమ్మ తల్లి మేక కాదు, ఉత్త మేక. విప్పిన గుడ్డను కొంగుకు ముడేసుకుని, మేక ముందుకాలు తానే ఎత్తి పట్టుకుంది. "కొయ్యమను. జర మెల్లగ కొయ్యమను" అంది. ఈసారి ఆమె అన్నది అన్నట్టే చెప్పాను.

గిట్ట ముక్కలు ఎండిన కొబ్బరి పెంకుల్లా నేల మీద పడ్డాయి. ఆయన లోపల కడిగాడు, ఊదారంగు మందు కొట్టాడు. సిమెంటు మీదే నిలబెట్టినందువల్ల గిట్ట అరగలేదని, గరుకు నేల మీద రోజూ నడిపిస్తే చాలావరకు దానంతటదే అరుగుతుందని చెప్పాడు. ఇంతకుముందు మేకలు పెంచలేదా అని అడిగాడు. అత్తమ్మ అది విని, "మా ఊర్ల ఎవ్వలు కొయ్యలే. రాళ్ళల్ల, గుట్టల్ల తిరుగుతయి. మొక్కు మేకలు కుంటంగ నేనెన్నడు చూడలే" అంది. ఆ మాట అంటూనే ఆగిపోయింది. చేతిలోని కాలు వైపు చూసింది. ఇనుము పడకూడదన్న పద్ధతిని ఊరి నుంచి తెచ్చుకుంది కానీ, ఆ గుట్టను తెచ్చుకోలేదు కదా. నాకు ఆ క్షణమే తట్టింది. ఆమెకు కూడా తట్టిందని ముఖం చూస్తే తెలిసింది.

మేకను తీసుకుపోలేదు. మళ్ళీ వచ్చి చూస్తామన్నారు. చూశారు కూడా.

ఆ సాయంత్రం స్టీలు గిన్నె తోమి, అందులో ఇంత బెల్లం పెట్టి మాసి తలుపు కొట్టాను. క్షమించమని అడగాలని మాటలు కూర్చుకుని పోయాను. ఆమె తలుపు తీయగానే అన్నీ మరిచిపోయి, "అది పాలకు కాదు మాసీ. మా మాతాజీకి మొక్కు" అన్నాను.

"తెలుసు బేన్. మేకపోతుకు పసుపు గుడ్డ కట్టి పాలకు ఎవరు పెంచుతారు? మా ఊళ్ళో కూడా మాతాజీకి ఇచ్చేవాళ్ళు ఉన్నారు. మేం ఇవ్వం. వాళ్ళ దేవి వాళ్ళది" అంది. గిన్నె అందుకుని, "ఇచ్చే రోజుదాకా నడవనివ్వు దాన్ని. అంతే నేను అడిగింది" అని లోపలికి పోయింది. మర్నాడు పొద్దున మొదటి రొట్టె మళ్ళీ మెట్ల కిందికి వచ్చింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆ మేక మా పోచమ్మ తల్లికే పోయింది. బోనాలు మళ్ళీ జరిగిన ఏడాది డప్పు ముందు అది తన నాలుగు కాళ్ళ మీద నడిచి పోయింది. పసుపు నీళ్ళు మా ఆయనే పోశాడు. పదిమంది తిన్నారు, నేనూ తిన్నాను. దానికి నాకు సిగ్గు లేదు. ఎవరైనా అడిగితే ఇప్పుడు పాలకని చెప్పను. నా సిగ్గంతా అంతకుముందరిది. దాంట్లో కూడా నన్ను ఎక్కువగా పట్టి పీడించేది, మెట్ల కింద కట్టేసిన నెలలు కాదు. గిట్టలు కత్తిరించిన తర్వాత, అంతా తెలిసిపోయిన తర్వాత జరిగిన ఒక చిన్న సంగతి.

గరుకు నేల మీద నడిపించమన్నారు కదా. పుండు మానాక, కాలువ పక్కన కంకర పోసిన బాట మీదికి మేకను తోలుకుపోయాం. తాడు నా చేతిలో ఉంది. ఆయన వెనక మెల్లగా వస్తున్నాడు, తనకూ నడక మంచిదేనంటూ. మేక మొదట అలవాటు కొద్దీ కాలు ఎత్తి ఎత్తి వేసింది. కొంతదూరం పోయాక ఆ సంగతే మరిచిపోయి, గంట మోగించుకుంటూ తాడు లాగుతూ ముందుకు పోతోంది. చూసి నవ్వుకున్నాను. అంతలో వెనక దగ్గు వినిపించింది. ఆగని దగ్గు. చెయ్యి చాపి కరెంటు స్తంభం పట్టుకున్న చప్పుడు కూడా వినిపించింది.

నేను వెనక్కి తిరగలేదు. నా కళ్ళు ముందుగా మేక కాళ్ళ మీదికి పోయాయి. తల్లీ, ఒక్క అడుగు, ఒక్క అడుగు కుంటనియ్యి అనుకున్నాను. ఛాతీలో నొప్పి తనదేనని ఆయన నోటితో చెప్పగా విన్నదాన్ని, ఆ వాసన పీల్చినదాన్ని, మాసి ముందు తల దించుకుని వచ్చినదాన్ని, అయినా అలా అనుకున్నాను. తాడు బిగబట్టి, ఊపిరి బిగబట్టి చూశాను.

అది కుంటలేదు. అప్పుడు తిరిగి ఆయన వైపు చూశాను.